ఇంట్లో పెంచిన పగడపు ముక్కలు అరవై ఉన్నాయి: అమ్మాలా, ఆపాలా?

ఉప్పునీటి_ఉమాపతి
టెక్సస్ ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంటు హాల్లో 40 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టి ఏడాదిన్నర దాటింది. మొదట్లో రెండు క్లౌన్ చేపలు, నాలుగు పగడపు ముక్కలు మాత్రమే ఉండేవి. ఇప్పుడు వెనక అద్దం నిండా గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే మెత్తని పగడం పాకిపోయి గాలికి ఊగే పచ్చిక లాగా ఊగుతున్నాయి, జోయాంథస్‌లు (బొత్తాల్లా గుంపుగా పెరిగే మెత్తని పగడాలు) రాళ్ల మీద చోటు చాలక ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి, రెండు తలలతో కొన్న హామర్ కోరల్ తొమ్మిది తలలైంది. కోసి ప్లగ్గులకు, అంటే చిన్న బిళ్లలకు, అంటించిన ముక్కలే అరవై పైచిలుకు ఉన్నాయి.

పోయిన నెల పది ముక్కలు డబ్బాలో పెట్టుకుని దగ్గరలోని ఒక చేపల దుకాణానికి వెళ్లాను. ఒక్కో ముక్కకు 5 డాలర్లు ఇస్తామన్నారు. అదీ నగదు కాదు, వాళ్ల దుకాణంలోనే సరుకు కొనుక్కోవడానికి నా పేరు మీద జమ. సరేనని ఇచ్చి వచ్చాను. మరుసటి శనివారం ఉప్పు కొనడానికి వెళితే నా పచ్చ మాంటిపోరా ముక్క 25 డాలర్ల చీటీతో అద్దం వెనక కూర్చుని ఉంది. అది నాదేనని ఎలా గుర్తుపట్టానంటే, ప్లగ్గు అంచు మీదుగా కారి గడ్డకట్టిన జిగురు బొట్టు నేను పెట్టిందే.

ఇంత చిన్న ట్యాంకులో పగడాలు పెంచి అమ్మితే కనీసం ట్యాంకు ఖర్చైనా ట్యాంకే భరిస్తుందా, లేక నన్ను నేనే మభ్యపెట్టుకుంటున్నానా? మొదటి రోజు నుంచి మా ఆవిడ ఖర్చులన్నీ ఒక పుస్తకంలో రాస్తోంది. ఆ పుస్తకం తెరిచి చూసే ధైర్యం నాకు ఇంకా రాలేదు.

గోదావరి_గట్టు
దుకాణదారుణ్ణి తిట్టుకునే ముందు అతని వైపు లెక్క కూడా చూడండి. మీ ముక్క అమ్ముడయ్యేదాకా దీపం, నీరు, అద్దె అతనివే. చచ్చిపోతే నష్టమూ అతనిదే. ఎడిసన్‌లో నేను పద్నాలుగేళ్లుగా ముక్కలు ఇస్తున్నాను. అమ్మే ధరలో మూడో వంతు జమగా, లేదా నాలుగో వంతు నగదుగా ఇస్తే నేను మారుమాట్లాడకుండా ఒప్పుకుంటాను. మీకు ఇచ్చింది అయిదో వంతు, తక్కువే. అయితే మీరు పది రకాలు ఒక్కొక్కటి పట్టుకెళ్లి ఉంటారని నా అనుమానం. దుకాణానికి కావలసింది ఒకే రకం పది ముక్కలు, కోసి కనీసం మూడు వారాలై గాయం మాని, అడుగుభాగం ప్లగ్గు మీదికి పాకినవి. నిన్న కోసి నేడు తెచ్చిన ముక్కను చూడగానే వాళ్లు పసిగడతారు.

మీ నీటి కొలతలు కూడా రాయండి. అవి తెలియకుండా ఎవరూ సలహా చెప్పకూడదు.

కుజదోషం
శీర్షికలో పగడం అని చూసి ఆశగా వచ్చాను. మా సిద్ధాంతి గారు ఆరు రత్తీల పగడం వెండిలో పెట్టించుకోమన్నారు. మీ హామర్‌లో ఆరు రత్తీలు కోసి ఇవ్వగలరా?

గోదావరి_గట్టు
ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం వేరే జాతి. అది మధ్యధరా సముద్రంలో, వెలుతురు సరిగ్గా అందని చోట, చాలా నిదానంగా పెరుగుతుంది. ఇళ్లలో పెంచేవాటిలో చాలావరకు తమ ఒంట్లో సూక్ష్మమైన నాచును పెట్టుకుని, దీపం వెలుగుతో ఆ నాచు తయారు చేసిన ఆహారం తిని బతుకుతాయి. ఉమాపతి గారి హామర్‌ను వేలికి పెట్టుకుంటే కుజుడు శాంతించడు సరికదా, వేలు మండుతుంది.

ఉప్పునీటి_ఉమాపతి
గట్టు గారి అనుమానం నిజమే. పది ముక్కలూ పది రకాలు, అందులో నాలుగు ముందు రోజు రాత్రి కోసినవి.

కొలతలు ఇవి. ఉప్పు సాంద్రత 1.026, ఉష్ణోగ్రత 78 ఫారెన్‌హీట్, ఆల్కలినిటీ, అంటే నీటి క్షారగుణం, 8.2 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 420, మెగ్నీషియం 1300, నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.05. నీలి ఎల్‌ఈడీ దీపం రోజుకు తొమ్మిది గంటలు వెలుగుతుంది. నీళ్లు ఆర్‌ఓ డీఐ యంత్రంలో వడగట్టినవే. ఈ మధ్య ఆల్కలినిటీ రోజుకు ఒక డీకేహెచ్ పైగా పడిపోతోంది. సోడా ద్రావణం, కాల్షియం ద్రావణం సీసాలు కొని పోస్తున్నాను, అవి నెల తిరక్కుండానే అయిపోతున్నాయి.

కొబ్బరాకు
కోసిన పగడపు ముక్కను మనవాళ్లు ప్రతిసారీ ఇంగ్లీషులో ఫ్రాగ్ ఫ్రాగ్ అనడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. జోయాంథస్ పక్కకు పాకి కొత్త మూతి (పాలిప్) వేస్తే అది అచ్చం అరటి పిలకే. మాంటిపోరా కొమ్మ విరిచి అంటిస్తే అది అంటు. మన పొలంలో ఉన్న మాటలను సముద్రానికి అప్పివ్వడంలో తప్పేముంది?

గోదావరి_గట్టు
మాట బాగుంది. అయితే అమ్మకపు ప్రకటనలో పిలక అని రాస్తే కొనేవాడు అరటి గెల ఎప్పుడు వేస్తుందని అడుగుతాడు.

ఉమాపతి గారూ, కొలతలు చక్కగా ఉన్నాయి. ఆల్కలినిటీ అంత వేగంగా పడుతోందంటే పగడాలు అస్థిపంజరం కట్టుకుంటున్నాయని అర్థం. మీకున్నది పెంపకం సమస్య కాదు, అమ్మకం సమస్య.

అట్లాంటా_అత్తయ్య
నేను ఆరేళ్లుగా జోయాంథస్‌లు మాత్రమే పెంచి అమ్ముతున్నాను కాబట్టి నా అనుభవం వివరంగా రాస్తాను. అయిదు మూతులున్న ముక్క నా ట్యాంకులో ఆరు నెలల్లో ఇరవై దాటుతుంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒకటి తల్లిగా ఉంచుకుని, మూడు అమ్ముతాను. మామూలు రకాలకు ముక్కకు 10 నుంచి 15 డాలర్లు వస్తాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది మొదటి ట్యాంకు పెట్టినవాళ్లే. వాళ్లకు చావని జీవం కావాలి గాని అరుదైన జీవం అక్కర్లేదు.

ఇక అసలు చెప్పదలచుకున్నది. రెండేళ్ల కిందట జోయాంథస్‌లకు దగ్గరి బంధువైన ఒక పాలిథోవా గుత్తిని రాయి నుంచి ఊడదీస్తుంటే నీళ్లు చిమ్మి కంట్లో పడ్డాయి. కళ్లద్దాలు పెట్టుకోలేదు, ఒక్క నిమిషం పనే కదా అనుకున్నాను. రెండు గంటల్లో కన్ను మిరపకాయ రుద్దినట్టు మండి, తెల్లవారేసరికి దీపం వైపు చూడలేని స్థితి వచ్చింది. అత్యవసర విభాగంలో కూర్చుని డాక్టరుకు పాలిటాక్సిన్ అంటే ఏమిటో నేనే వివరించవలసి వచ్చింది. పదిహేను రోజులు చుక్కల మందు వేసుకున్నాను.

పాలిటాక్సిన్ మనకు తెలిసిన అతి తీవ్రమైన విషాలలో ఒకటి. పాలిథోవాలలో, కొన్ని జోయాంథస్‌లలో అది ఉంటుంది, ఏ ముక్కలో ఎంత ఉందో చూసి చెప్పలేము. కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. అవి పాకిన రాయిని శుభ్రం చేద్దామని ఎట్టి పరిస్థితుల్లోనూ వేడినీళ్లు పోయవద్దు, ఉడకబెట్టవద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఉదంతాలు ఉన్నాయి. కోసిన పళ్లెం, కత్తి వంటింటి సింకులో కడగవద్దు. మీ హాలు పక్కనే వంటగది ఉంటుంది కాబట్టి చెబుతున్నాను బాబూ.

ఉప్పునీటి_ఉమాపతి
అత్తయ్య గారూ, నేను ఇన్నాళ్లూ వంటింటి బల్ల మీదే కోస్తున్నాను. ఈ మాట ఇంట్లో చదివి వినిపించాక ఆ బల్ల మీద నాకు ప్రవేశం రద్దయింది.

వెంచరు_వెంకన్న
పది డాలర్ల ముక్కలు అమ్మి ఎవరు బాగుపడ్డారు? ఒక మంచి టార్చ్ కోరల్ గాని, పేరున్న జోయాంథస్ గాని కొనండి. ఒక్క మూతి వంద డాలర్లు పలికే రకాలున్నాయి. ఏడాదికి పది మూతులైనా చాలు.

గోదావరి_గట్టు
వెంకన్న గారి సలహాతో నేను బొత్తిగా ఏకీభవించను. ఆ పేర్ల వ్యాపారం ఊరి చివర వెంచరులో ప్లాట్ల వ్యాపారం లాంటిది. మొదటి ఇద్దరు ముగ్గురికి డబ్బులొస్తాయి, తరువాత కొన్నవాడు తన కింద కొనేవాడి కోసం ఎదురు చూస్తాడు. పైగా ఇది ప్లాటు కూడా కాదు. ఎవరింట్లో ఉంటే అక్కడ పిలకలు వేస్తుంది. మీరు వంద పెట్టి కొన్న రకం రెండేళ్లలో అందరి ట్యాంకుల్లోనూ ఉంటుంది, అప్పుడు అది ఇరవై. 2019లో ఒక బంగారు రంగు టార్చ్‌కు తల ఒక్కింటికి 250 పెట్టాను. దానికి గోధుమ రంగు జిగురు తెగులు తగిలి నాలుగు రోజుల్లో ఎముక మిగిలింది. ఆ ఎముక నా బల్ల మీద కాగితాల బరువుగా పనిచేస్తోంది.

వెంచరు_వెంకన్న
మీకు చచ్చిందని అందరికీ చావాలని లేదు. నాది మూడు తలల నుంచి పదకొండైంది.

కొబ్బరాకు
ఫోటోల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. నీలి దీపం కింద తీసిన ఫోటోలో నిప్పులా వెలిగిన ముక్క ఇంటికి వచ్చాక తెల్ల దీపంలో వక్క రంగులో ఉంటోంది.

అట్లాంటా_అత్తయ్య
నేను రెండు ఫోటోలు పెడతాను, ఒకటి నీలి దీపంలో, ఒకటి మామూలు వెలుతురులో. పక్కన స్కేలు కూడా పెడతాను. అమ్మకం కాస్త తగ్గింది గాని తిట్లు పూర్తిగా ఆగిపోయాయి.

కూకట్‌పల్లి_చేపలబుట్ట
మాది హైదరాబాదు. మంచినీటి చేపలు పెంచి అమ్ముతాను. ఈ చర్చ చదివాక ఉప్పునీటి ట్యాంకు పెట్టాలనిపిస్తోంది. మా బావ డిసెంబరులో డల్లాస్ నుంచి వస్తున్నాడు. ఉమాపతి గారు నాలుగు గట్టి పగడపు ముక్కలు సీసాలో వేసి ఇస్తే సూట్‌కేసులో తెస్తాడు, ధర ఎంతైనా ఇస్తాను. ఇక్కడ పెంచి అమ్ముకోవచ్చు కదా?

సీతమ్మధార_చిన్నోడు
అమ్ముకోకూడదు అన్నా, దయచేసి ఆ పని చేయవద్దు. రాయిలా గట్టిపడే పగడాలన్నీ, అంటే స్క్లెరాక్టీనియా అనే క్రమం మొత్తం, 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, నిప్పు పగడాలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. మొదటి షెడ్యూలు అంటే పులి ఉన్న వరుస. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక ఈ నేరానికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఇంట్లో పెంచిన పిలకకు మినహాయింపు ఉంటుందని ఆశపడవద్దు. సముద్రతీర పట్టణాలలో గవ్వలతో కలిపి అమ్మే తెల్లని ఎండు పగడం ముక్క కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. మా బంధువొకరు షోకేసులో పెట్టుకున్న దాన్ని చూసి నేనే తీయించాను.

సూట్‌కేసు సంగతి ఇంకా పెద్దది. గట్టి పగడాలన్నీ అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం, అదే సైటిస్, రెండో అనుబంధంలో ఉన్నాయి. బతికిన ముక్క అయినా, ఎండిన ముక్క అయినా అనుమతి పత్రం లేకుండా దేశం దాటకూడదు. ఇక్కడి నుంచి అక్కడికి ఆవకాయ పట్టుకెళ్లినంత తేలిక కాదు ఇది.

కూకట్‌పల్లి_చేపలబుట్ట
అమ్మో. మరి మెత్తని పగడాలో? జోయాంథస్‌లు ఆ జాబితాలో లేవు కదా, ఇక్కడి దుకాణాల్లో చూశాను.

సీతమ్మధార_చిన్నోడు
జోయాంథస్‌లు స్క్లెరాక్టీనియా కావన్నది నిజమే. అయితే దుకాణంలో కనబడింది కాబట్టి చట్టబద్ధం అనుకోవడం పొరపాటు, ఎందుకంటే అదే అద్దం వెనక సముద్ర గుర్రాలు కూడా కనబడుతుంటాయి, అవీ మొదటి షెడ్యూలే. మెత్తనివైనా సరే, ఏ రాయి మీద నుంచి తీసుకొచ్చారన్నది ఒక ప్రశ్న. అటవీ శాఖను రాతపూర్వకంగా అడిగి జవాబు చేతిలో పెట్టుకున్న తరువాతే ముందుకు వెళ్లండి.

నన్ను అడిగితే మీ చేతికి సరిపడే పని క్లౌన్ చేపల పెంపకం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వీటిని తొట్లలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతి రూపొందించారు, ఆ సంస్థకు మా విశాఖలోనూ కేంద్రం ఉంది. మంచినీటి చేపలు పెంచినవాళ్లకు పిల్లచేపల మేత సంగతి ముందే తెలుసు కాబట్టి సగం పని అయినట్టే.

కుజదోషం
అయితే పులినీ, ఉమాపతి గారి హామర్‌నూ ఒకే వరుసలో కూర్చోబెట్టారన్నమాట. ఇంతకన్నా గౌరవం ఏముంటుంది.

ప్లానో_పాతకాపు
ఉమాపతి గారూ, మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి ఖర్చుల పుస్తకంలో ఒక పద్దు నేను చేరుస్తాను. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో అరవై గంటలు చీకటి. 75 గ్యాలన్ల ట్యాంకు, ఏడేళ్ల పెంపకం. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ట్యాంకుకు చుట్టాము, గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి సీసాల్లో నింపి ట్యాంకులో తేలవేశాము, ప్లాస్టిక్ చెంబుతో నీళ్లు పైకెత్తి పోస్తూ వంతులవారీగా మెలకువగా ఉన్నాము. రెండో రాత్రి నీటి ఉష్ణోగ్రత 58 ఫారెన్‌హీట్‌కి పడింది. ముందు అక్రోపోరా పగడాల చర్మం తడిసిన కాగితంలా ఊడివచ్చింది, తరువాత హామర్లు, ఆ తరువాత చేపలు. చివరికి మిగిలినవి పుట్టగొడుగు పగడాలు, ఒక గుప్పెడు జోయాంథస్‌లు.

అమ్మకానికి పెంచేవాళ్లు తమ సరుకంతా ఒకే ట్యాంకులో ఉంచకూడదని అప్పుడు నేర్చుకున్నాను. ఇప్పుడు ప్రతి రకంలో ఒక ముక్క మిత్రుల ఇళ్లలో ఉంచుతాను, వాళ్లవి నా ఇంట్లో ఉంటాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు రెండు కొనిపెట్టుకోండి, ఒక్కోటి ఇరవై డాలర్ల లోపే.

గోదావరి_గట్టు
ఈ పద్ధతి వ్యాపారానికి కూడా మంచిది. ఇచ్చిపుచ్చుకోవడంలోనే నా ట్యాంకు సగం నిండింది. రీఫ్ క్లబ్బుల వాళ్లు, అంటే మనలా పగడాలు పెంచేవాళ్ల సంఘాలు, జరిపే ముక్కల సంతకు ఒకసారి వెళ్లండి, ఒక బల్ల అద్దెకు తీసుకుంటే దుకాణం మధ్యలో లేకుండా మనిషికి మనిషే అమ్ముకోవచ్చు.

బ్రిస్బేన్_బాబాయి
ధరల సంగతిలో ఒక మాట. మీ హామర్లు, టార్చ్‌లు అమెరికాకు ఎక్కువగా వచ్చేది ఇండోనేసియా నుంచి, కొంత మా ఆస్ట్రేలియా నుంచి. 2018లో ఇండోనేసియా పగడాల ఎగుమతి ఆపేసింది, 2020 మొదట్లో తిరిగి తెరిచింది. ఆ రెండేళ్లూ ఇళ్లలో పెంచినవాళ్ల ముక్కలకు వచ్చిన గిరాకీ చూసి చాలామంది గరాజుల నిండా ట్యాంకులు పెట్టారు. ఎక్కడో ఒక ప్రభుత్వం ఒక కాగితం మీద సంతకం చేస్తే అమెరికాలో మీ ధర మారిపోతుంది, కాబట్టి దిగుమతయ్యే రకాలనే నమ్ముకోవద్దు.

ఏది ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారో రాసి పెట్టుకోండి. కరీబియన్ సముద్రపు ఎల్క్‌హార్న్, స్టాగ్‌హార్న్ పగడాలు 2006 నుంచి అమెరికా అంతరించే జాతుల చట్టం కింద ఉన్నాయి, వాటి అమ్మకం నేరం. 2014లో మరో 20 జాతులను చేర్చారు. హవాయి వాళ్లెవరైనా అడిగినా గట్టి పగడం పంపవద్దు, అక్కడ ఒప్పుకోరు.

లెక్కల_మాస్టారు
ఇంతమంది ఇన్ని చెప్పారు గాని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఉమాపతి గారూ, మీరు ఏ వీసా మీద ఉన్నారు? హెచ్1బీ అయితే మీ కోసం పిటిషను వేసిన సంస్థకు తప్ప మరెక్కడా పని చేయకూడదు, సొంత వ్యాపారం కూడా పనే. ట్యాంకులో ఎక్కువైనవి ఎప్పుడో ఒకసారి ఎవరికో ఇచ్చి పది డాలర్లు పుచ్చుకోవడం వేరు. ధరల పట్టిక పెట్టి, ప్రతి వారం ప్రకటన వేసి, పెట్టెల్లో కట్టి పంపడం వేరు. ఆ రెంటి మధ్య గీత మీ విషయంలో ఎక్కడ పడుతుందో ఇమ్మిగ్రేషన్ వకీలును అడగండి, నన్ను గాని ఈ చర్చను గాని నమ్ముకోవద్దు. పన్ను కట్టేశాను కాబట్టి అనుమతి ఉన్నట్టే అనుకునేవాళ్లున్నారు. ఆ రెండిటికీ సంబంధం లేదు.

పన్ను సంగతి ఇది. సరదా కోసం పెంచి అమ్మినా వచ్చిన సొమ్ము చూపించాలి, కాని 2018 నుంచి ఆ సరదా ఖర్చులను ఫెడరల్ పన్నులో తగ్గించుకోనివ్వడం లేదు. వ్యాపారంగా చేస్తే ఖర్చులు తగ్గించుకోవచ్చు, కాని అప్పుడు నిజంగా వ్యాపారంలా నడపాలి, లాభం కోసం చేస్తున్నట్టు లెక్కలు ఉండాలి. మీ ఇంట్లో రాస్తున్న ఆ పుస్తకం విలువ అప్పుడు తెలుస్తుంది. టెక్సస్‌లో అమ్మకపు పన్ను పర్మిటుకు రుసుము లేదు, దరఖాస్తు చేసుకోవాలి అంతే.

ఉప్పునీటి_ఉమాపతి
హెచ్1బీయే. నిజం చెప్పాలంటే ఈ కోణం నాకు తట్టనే లేదు. మా ఆవిడకు హెచ్4 ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, ఉంది.

లెక్కల_మాస్టారు
2015 నుంచి ఇస్తున్న ఆ కార్డుతో సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. అయితే కార్డు ఆవిడది, పని మీది అన్నట్టు ఉండకూడదు. నిజంగా ఆవిడ వ్యాపారమే కావాలి.

వెంచరు_వెంకన్న
పది ముక్కలకు ఇంత రాద్ధాంతమా? గుడి పార్కింగులో ఎంతమంది అమ్ముకోవడం లేదు?

మధ్యవర్తి
వీసా చర్చ ఇంతటితో ఆపి మళ్లీ నీళ్లలోకి రండి. ఆల్కలినిటీ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

గోదావరి_గట్టు
సీసాలు కొనడం మానేయండి. సున్నపు తేట వాడండి. జర్మన్లు కాల్క్‌వాసర్ అని పెద్ద పేరు పెట్టారు గాని అది మన తాంబూలంలో సున్నం నీళ్లే. వడగట్టిన నీటిలో లీటరుకు ఒకటిన్నర గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడు కలిపి మూతపెట్టి ఉంచితే మడ్డి అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. మీ ట్యాంకులో రోజూ ఆవిరయ్యే నీరు రెండు లీటర్లుంటుంది. ఆ రెండు లీటర్లూ తేటగా పోస్తే 150 లీటర్ల నీటిలో ఆల్కలినిటీ దాదాపు ఒకటిన్నర డీకేహెచ్ పెరుగుతుంది, కాల్షియం కూడా అదే పాళ్లలో అందుతుంది. మీకు పడిపోతున్నది కూడా ఇంచుమించు అంతే. పచ్చళ్ల కోసం అమ్మే సున్నం పొడి డబ్బా కొంటే నెలల తరబడి వస్తుంది.

కూకట్‌పల్లి_చేపలబుట్ట
పాన్ డబ్బాలో దొరికే సున్నం పనికివస్తుందా?

గోదావరి_గట్టు
వద్దు. అందులో ఏం కలుపుతారో తెలియదు. తినే పదార్థాలకు వాడే శుద్ధమైన పొడి మాత్రమే వాడాలి.

ప్లానో_పాతకాపు
సున్నపు తేటను పొగిడేవాళ్లు దాని కోపం గురించి చెప్పరు. దాని పీహెచ్ పన్నెండు పైనే. అది చుక్కలు చుక్కలుగా, వీలైతే రాత్రిపూట, పడాలి. మా ఇంట్లో నీటిమట్టం చూసే బుడ్డీకి ఒక నత్త అడ్డంపడి పంపు ఆగలేదు, పన్నెండు లీటర్ల తేట ఒక్క రాత్రిలో దిగిపోయింది. పొద్దున చూస్తే ట్యాంకు పాలకుండలా తెల్లగా ఉంది, చేప ఎక్కడుందో కనబడలేదు. అప్పటి నుంచి తేట డబ్బాలో ఒక్క రోజుకు సరిపడేదే నింపుతాను.

అట్లాంటా_అత్తయ్య
అమ్మబోయే ముందు ఒక పని. ప్రతి ముక్కనూ మందు నీళ్లలో అయిదు నిమిషాలు ముంచి, గిన్నె అడుగున ఏం రాలిందో టార్చిలైటు వేసి చూడండి. జోయాంథస్‌లను తినే నత్తపురుగులు జోయాంథస్ రంగులోనే ఉంటాయి, గుడ్లు మాత్రం కాడ మీద చిన్న చుట్టలా కనబడతాయి. ఐప్టేసియా అనే కలుపు జీవి ఒక్క మొలక ఉన్న ప్లగ్గు అమ్మితే ఊరంతా మీ పేరు చెప్పుకుంటారు, మంచిగా మాత్రం కాదు.

ఉప్పునీటి_ఉమాపతి
వారం రోజులుగా తేట పోస్తున్నాను. గ్లాసులో నీటికి చుక్కలు వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టడం రోజూ పొద్దున్నే పని. ఏడు రోజుల కొలతలు 8.1, 8.0, 8.2, 8.2, 8.1, 8.3, 8.2. పాత సీసాలు మూలన పడ్డాయి. తేట డబ్బా మీద పొద్దుటికి పల్చటి గాజు పెచ్చులాంటి మీగడ కడుతోంది, వేలితో తాకితే టప్పున పగులుతోంది. అది ప్రమాదమా?

గోదావరి_గట్టు
కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలి సున్నం రాయిగా మారుతోంది, గోడకు వేసిన సున్నం గట్టిపడినట్టే. మూత బిగించండి. ఆ పెచ్చు కట్టినంత మేరకు తేటలో బలం తగ్గుతుంది.

పుస్తకం_నాది
ఉమాపతి గారి ఇంటావిడను. నా పుస్తకం గురించి ఇన్నిసార్లు రాశారు కాబట్టి నేనే తెరుస్తున్నాను.

ఆయన పెట్టుబడి 1,400 డాలర్లని అందరికీ చెబుతుంటారు. పుస్తకంలో 2,315 ఉంది. తేడా ఎక్కడంటే రెండో హీటరు, నీళ్లు వడగట్టే యంత్రం, తివాచీ మీద ఉప్పునీళ్లు పొర్లినప్పుడు అపార్ట్‌మెంటు వాళ్లకు కట్టిన సొమ్ము, పంపులో ఇరుక్కుని ముక్కలైన 80 డాలర్ల ఎనిమోన్. నెల ఖర్చు కరెంటు 17, ఉప్పు 9, వడపోత గుళికలు 6, మేత, పరీక్ష మందులు 14, మొత్తం 46. కరెంటు సంఖ్య ఊహ కాదు. ప్రతి పరికరానికి మీటరు తగిలించి చూశాను, రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు. ఇందులో సీసాల ఖర్చు లేదు, అది విడిగా ఇంకో 20, ఈ నెల నుంచి పోయింది. అందుకు గట్టు గారికి కృతజ్ఞతలు.

సగటున 12 డాలర్లకు నెలకు నాలుగు ముక్కలు అమ్ముడైతే 48. అంటే ట్యాంకు తన తిండి తాను తింటుంది. 2,315 తిరిగి వస్తాయని ఆయన రాసిన పేజీ ఒకటుంది, దాన్ని చింపేశాను. ఆయన గంటలు లెక్కవేయలేదు, వేస్తే ఇద్దరికీ బాధ.

వకీలుతో మాట్లాడాను, పర్మిటుకు నా పేరు మీద దరఖాస్తు పెట్టాను. కోత కూడా నేర్చుకున్నాను. మొన్న హామర్ రెండు తలల మధ్య కాడను గట్టి కత్తెరతో నొక్కినప్పుడు వక్క కొరికిన చప్పుడు వచ్చింది, మాంసం లోపలికి ముడుచుకుపోయి చచ్చిందనుకున్నాను, సాయంత్రానికి మళ్లీ విచ్చుకుంది. కళ్లద్దాలు పెట్టుకున్నాను అత్తయ్య గారూ, బాల్కనీలో విడి బల్ల వేయించాను.

దుకాణానికి మళ్లీ వెళ్లి గ్రీన్ స్టార్ ముక్కలు ఒకే రకం పన్నెండు చూపించాను, నాలుగు వారాలు మానినవి. ఒక్కోటికి 8 జమ ఇస్తామన్నారు. మిగతావి వచ్చే నెల ముక్కల సంతలో పెడతాను. సగం బల్ల ప్లానో గారి వాళ్లది.

అట్లాంటా_అత్తయ్య
చల్లగా ఉండు తల్లీ. ఆ కత్తెరను వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టు, లేకపోతే నెలకే తుప్పు పడుతుంది.

వెంచరు_వెంకన్న
ఆ హామర్ మూడు తలల ముక్క నాకు కావాలి. ఆఖరి రేటు ఎంత?

పుస్తకం_నాది
తలకు 20, మూడు తలలకు 60. పుస్తకంలో రాసిందే ఆఖరి రేటు. వచ్చేటప్పుడు థర్మాకోల్ పెట్టె మీరే తెచ్చుకోండి, బయట చలిగా ఉంది.